పాలకేంద్రంలో నిలబడ్డ సేపు

కామేశ్వరి టీచరుకు ఒక అలవాటుంది. శిష్యులు ఏదడిగినా ఆవిడ కూర్చున్నచోట జవాబు చెప్పరు. చెప్పులేసుకుని బయల్దేరుతారు. ఆ ఎండాకాలం పొద్దున దాలినాయుడు రొప్పుకుంటూ గుమ్మంలోకొచ్చినప్పుడూ అంతే.

ఆవిడ దగ్గర కంప్యూటరు నేర్చుకుని, పాలకేంద్రంలో పాలు పోసేవాళ్ళ పేరు మీద చీటీలు కొట్టే ప్రోగ్రాం రాసింది ఈ దాలే. చీటీ వస్తేగాని పాలు ట్యాంకరుకెక్కవు. ఆ చీటీ ఇవాళ నత్తనడక నడుస్తోంది. ట్యాంకరు వెళ్ళిపోయిందా, వరసలో ఉన్నవాళ్ళ పాలు నేలపాలే.

"టీచరండీ, ప్రోగ్రాంలో ఏ పనికి ఎంతసేపు పడుతోందో ప్రొఫైలరు పెట్టి చూశానండి. అన్నీ కలిపినా కన్నుమూసి తెరిచినంతే అంటోంది. చీటీకేమో తాంబూలం నమిలినంతసేపు పడుతోంది. దాని మాట అబద్ధమా, నా కళ్ళు అబద్ధమా?"

వాళ్ళు కేంద్రం చేరేసరికి ట్యాంకరు డ్రైవరు హారను మీద చెయ్యి తియ్యట్లేదు. టీచరు మాత్రం పాలల్లో వెన్న పరీక్ష చేసే పైడమ్మను చూపించారు.

"ఆవిడ చేతులు కదిలినంతసేపే లెక్కపెట్టు."

ఇప్పుడా, అనుకున్నాడు దాలి. ఎదురు చెప్పే నోరు కాదు వాడిది. పైడమ్మ పాలు గొట్టంలో పోసింది, మీట నొక్కింది, మిషను అంకె చూపించేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. మళ్ళీ పోసింది, నొక్కింది, నిలబడింది.

"చేతులు కదిలింది కొంచెమేనండి."

వరసలోంచి సూరమ్మ అనే ముసలామె అందుకుంది. "ఏటి బాబూ, దాని చేతులు లెక్కెడతన్నావా? ఎండకి నా కేను కాలిపోతంది. నాను నిలబడ్డది ఎవలి కాతాలో ఏస్తావు?"

అందరూ నవ్వారు. దాలి మొహం కందగడ్డయింది. మరుక్షణం కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాడు.

ప్రతి చీటీకీ ప్రోగ్రాం టౌనులో ఉన్న పెద్దాఫీసు కంప్యూటరుని "ఈ నంబరు ఎవరిది?" అని అడిగి, జవాబొచ్చేదాకా ఊరికే నిలబడుతోంది. ప్రొఫైలరుకి దాలి అప్పజెప్పింది పని చేసిన సేపు లెక్క ఒక్కటే. నిలబడ్డ సేపు అందులో లేదు. పేర్లన్నీ ముందే ఒక్కసారి తెచ్చిపెట్టుకునేలా మార్చడం మొదలెట్టాడు. బయట ఇంజను స్టార్టయింది.

"ఒక్క చిటం ఆగు బావా, నీకు పుణ్యముంటాది!" డ్రైవరుకి అడ్డంపడి అరిచింది పైడమ్మ.

చీటీలు టపటపా రాలాయి. వరస చకచకా కదిలింది. సూరమ్మ వంతొచ్చింది. పైడమ్మ కేను మూత తీసి, వాసన చూసి, తల అడ్డంగా ఊపింది. విరిగిపోయాయి. సూరమ్మ మూత బిగించి, కేను చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

ట్యాంకరు కదిలింది. దాలి టీచరు దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడు ప్రొఫైలరూ గడియారమూ ఒక్కమాట మీదున్నాయండి."

టీచరు రోడ్డు మీద పోతున్న సూరమ్మ వైపే చూస్తున్నారు.

"నీ గడియారం చీటీ దగ్గరే మొదలైంది. ఆవిడ ఇంటిదగ్గర ఎప్పుడు బయల్దేరిందో అడిగావా?" అన్నారు.