చెప్పి వెళ్లిన నూకాలు

అనగా అనగా ఒక ఊరు. అనేవాళ్లు ఎక్కువ, వినేవాళ్లు తక్కువ. ఆ ఊరి పేరు పిక్కలవలస. ఎప్పటి మాటో అడగకండి. ఊరికి బస్సు వస్తుందో రాదో బస్సుకే తెలియని రోజులవి.

ఆ ఊరి ఆడవాళ్లంతా చింతకాయలు కొట్టి పిక్కలు తీసేవారు. చేతులు చింతకాయల్ని కొడుతుంటే, నోళ్లు ఊరందరినీ కొట్టేవి. అందరిలోకీ పెద్ద నోరు అప్పలనరసమ్మది. ఎవరి కోడలు పుట్టింటికి పోయిందో ఆ కోడలి కంటే ముందు ఆమెకే తెలిసేది.

అందరిలోకీ నోరు లేనిది నూకాలు. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఒక కోడి ఉంది. ఆ కోడి కూడా ఆమె పిలిస్తే వచ్చేది కాదు.

నూకాలు పక్కింటి ఆడపడుచు పోలమ్మ చంటిబిడ్డతో పుట్టింటికి తిరిగొచ్చింది. దూరం పనికి వెళ్లిన మొగుడు చనిపోయాడు. అతని జబ్బు ఆమెకు వచ్చింది. ఆమె నుంచి కడుపులోని బిడ్డకు చేరింది. పట్నం ఆసుపత్రిలో దాని పేరు హెచ్.ఐ.వి. అన్నారు. పొద్దూ మాపూ వేయమని మందిచ్చారు. బిడ్డ పేరు అసిరి.

పిక్కలవలసలో ఒక ఆచారం ఉండేది. జబ్బుపడ్డ బిడ్డ మీద మాట పడకూడదు. పడితే నోటిదిష్టి తగిలి ఉన్న ఊపిరి పోతుందని భయం. అందుకని ఊరి నోళ్లన్నీ ఆ గడప ముందు మూతపడేవి. అప్పలనరసమ్మయితే చెంగు నోట్లో కుక్కుకుని మరీ దాటేది. పాపం, ఆమెకు అంతకు మించిన కష్టం జన్మలో రాలేదు.

తల్లి కూడా మాట్లాడేది కాదు. ప్రేమ కొద్దీ మాట్లాడేది కాదు. మందు పోసేది, గంజి తాగించేది, ముద్దు పెట్టుకునేది, నోరు మూసుకునేది.

సాటి పిల్లలు బోర్లాపడ్డారు. అసిరి పడలేదు. సాటి పిల్లలు పాకారు. అసిరి పాకలేదు. సాటి పిల్లలు అమ్మా, అత్తా అన్నారు. అసిరి ఇంటివాసాలు చూస్తూ పడుకుంది.

ఒకనాడు పోలమ్మ మందు కోసం పట్నం వెళ్తుంటే నూకాలు తోడు వెళ్లింది. ఆసుపత్రిలో నర్సు బిడ్డను చూసింది, తల్లిని చూసింది.

"ఈ పిల్లతో ఎవరు మాట్లాడతారు?"

"ఎవలూ మాటాడరండి. మా జాగ్రత్తలో మేం ఉన్నాం," అంది పోలమ్మ.

నర్సు తల పట్టుకుంది. "ఈ జబ్బు మెదడును కూడా ఎదగనివ్వదమ్మా. మందు దాన్ని అణిచి ఉంచుతుంది, మందు మానకూడదు. కానీ మెదడుకు వేరే తిండి కావాలి. పిల్ల మాట వినాలి. మనిషి మొహం చూడాలి. చేత్తో ఏదైనా పట్టుకుని ఆడుకోవాలి. ఆలస్యం చెయ్యకండి."

తిరుగు బస్సులో పోలమ్మ ఏడ్చింది. "మాటాడితే నోరు తగిలి నా గుంట పానం పోద్దేమో. మాటాడకపోతే ఇలగే ఉండిపోద్ది. ఏటి సెయ్యను నూకాలత్తా?"

నూకాలు ఊరొచ్చేదాకా ఆలోచించింది. "నా నోరు ఎవలికీ తగల్దే. నా మాట ఇన్న కుక్క నేదు ఊళ్లో. నా కోడే ఇనదు. నాను మాటాడతాను."

మాట్లాడతానంది గాని ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదు. పాటలు రావు. కథలు రావు. పక్కింటి సంగతులు అసలే రావు. ఆ ఊళ్లో పుట్టి అవెలా రాలేదో ఎవరికీ అంతుపట్టలేదు. అందుకని ఉన్నదే చెప్పింది. మర్నాడు పనికిపోతూ ఊయల దగ్గర ఆగింది. బిడ్డ అరచేతిలో చింతకాయ పెట్టి, వేళ్లు మూసి పట్టుకుంది.

"సేతిలో సింతకాయ. పిక్క తియ్యడానికి ఎల్తన్నాను. పొద్దుగూకితే వస్తాను."

పొద్దుగూకాక వచ్చి, "వచ్చాను," అంది.

నీళ్లకు వెళ్తే బిందె చూపించింది. కట్టెలకు వెళ్తే కత్తి చూపించింది. చెంబు పట్టుకుని ఊరి బయటికి వెళ్లేటప్పుడూ చెప్పే వెళ్లింది. చేతిలో ఏముందో, ఎక్కడికి వెళ్తోందో, ఎప్పుడొస్తుందో. పిల్లతో అబద్ధం ఆడకూడదు కదా.

చింత పూసింది. అసిరి వాసాలనే చూసింది. చింత కాసింది. అసిరి కళ్లు నూకాలు చేతికేసి తిరిగాయి. చింత పండింది. "వచ్చాను" అనగానే అసిరి నవ్వింది.

ఆ నవ్వు చూసి పోలమ్మ భయం వదిలింది. ఇన్నాళ్ల మాటలూ ఒక్కపూటలో చెప్పేసింది. పిల్ల వింటూ వింటూ నిద్రపోయినా ఆపలేదు. ఎంతైనా పిక్కలవలస ఆడపడుచు.

మరికొన్ని చింతకాపులు గడిచాయి. అసిరి గడప మీద కూర్చోవడం నేర్చింది. ఒకనాడు అప్పలనరసమ్మ చెంగు నోట్లో కుక్కుకుని దాటుతోంది.

"సేతిలో ఏటి?"

అప్పలనరసమ్మ వెనక్కి చూసింది. ఎవరూ లేరు. కిందికి చూసింది.

"సేతిలో ఏటి?" అంది అసిరి.

అప్పలనరసమ్మ నోట్లోంచి చెంగు జారింది. "ఎండుసేపలే అమ్మీ."

ఆ రోజు శనివారం. శనివారం నీచు ముట్టనని అప్పలనరసమ్మ ఊరంతా చాటింది. అయినా ఆ మొహం చూస్తే అబద్ధం రాలేదు. ఆమెకు అబద్ధం రాకపోవడం అదే మొదలు.

ఆ తర్వాత ఊరు ఆ గడప ముందు ఆగడం మొదలుపెట్టింది. అన్ని నోళ్లు కలిసినా అసిరికి ఏ దిష్టీ తగల్లేదు. అలాగని అందరిలా గబగబా ఎదిగిందంటే అబద్ధం. లెక్క చెబితే బుర్రలోంచి జారిపోయేది. పరుగెడితే పడిపోయేది. మాట కోసం వెతుక్కునేది. కానీ వెతికితే దొరికేది.

ఒక ఏడు వానలకు నూకాలు జ్వరంతో పడింది. తెల్లారేసరికి లేదు.

అసిరి గడప మీద కూర్చుని ఉంది. నూకాలు ఇంకా రాలేదు. చెప్పకుండా ఎప్పుడూ వెళ్లలేదు. పాడె వచ్చింది. అసిరి లేచి అడ్డంగా నిలబడింది.

"సేతిలో ఏటి?"

డప్పు ఆగింది.

"సేతిలో ఏటి?"

పోలమ్మ ఏడుస్తూ పిల్లను ఎత్తుకోబోయింది.

"సేతిలో ఏటి?"

అప్పలనరసమ్మ ముందుకొచ్చి పిల్ల ముందు కూలబడింది. "సేతిలో ఏటీ నేదమ్మీ."

"ఎక్కడికి?"

"దూరం ఎల్తంది."

"ఎప్పుడొస్తాది?"

అప్పలనరసమ్మ దగ్గర ఊళ్లో అన్నిటికీ జవాబు ఉండేది. దీనికి మాత్రం పిల్ల చెయ్యి పట్టుకుంది. "రాదు," అంది.

అసిరి ఆ మాటను చాలాసేపు వెతుక్కుంది. మోసేవాళ్లు భుజం మార్చుకోకుండా నిలబడ్డారు. వెతగ్గా వెతగ్గా దొరికింది. పక్కకు జరిగింది.

"సెప్పింది," అంది తల్లితో. "ఎల్లనీ."

ఇప్పటికీ పిక్కలవలసలో ఊయలను ఎవరూ మాట్లాడకుండా దాటరు. బిడ్డ బాగున్నా అంతే, బాగులేకపోయినా అంతే. చేతిలో ఏముందో, ఎక్కడికో, ఎప్పుడొస్తారో మూడు మాటలు చెప్పాలి, వచ్చాక వచ్చానని చెప్పాలి. అందుకే ఆ ఊళ్లో రహస్యాలు నిలవవు. దొంగతనానికి పోయేవాళ్లు పసిపిల్లలు లేని వీధి చూసుకుని పోతారు. జబ్బుబిడ్డను ఎత్తుకుని ఏ తల్లయినా దిగులుగా కూర్చుంటే, "మందూ మానకు, మాటా మానకు," అంటారు.

పాడె కూడా పసిపిల్లలున్న ఇంటి ముందు ఆగుతుంది. పోయినవాళ్ల తరఫున ఎవరో ఒకరు వంగి ఆ మూడు మాటలూ చెబుతారు. ఎంత గొప్పవాడి శవమైనా, ఎంత వాన ముంచుకొస్తున్నా, పిల్ల చూపు తిప్పుకునేదాకా మోసేవాళ్లు కదలరు. ఎవరైనా తొందరపెడితే, "నూకాలు ఆగింది గదా," అంటారు.