జ్వరం బ్రెడ్డు, నల్లపూస జున్ను

ముందే చెప్పేస్తున్నా, వరస ఎక్కడైనా తప్పుతానేమో. ఈమధ్య నాకు ముందు జరిగింది వెనక్కీ, వెనకది ముందుకీ వచ్చేస్తోంది. గేదె ఈనకముందే జున్ను వండేశాననుకోండి, "అమ్మమ్మా, గేదె" అని గుర్తు చెయ్యండి. నవ్వకూడదు మరి.

హరిణీ, గోడ పక్కకి జరుగు. నిన్నటిదాకా జ్వరంతో పడున్నదానివి, ఫ్యాను గాలి వద్దు. బుజ్జులూ, కాళ్ళు ముడుచుకో. భ్రమరా, నువ్వూ ఇలా వచ్చి కూర్చోవే. పిల్లలూ, ఈ భ్రమర, మీ చిన్నమ్మమ్మ, నాకంటే చిన్నది కదా, దాని బుర్ర ఇంకా బాగానే పనిచేస్తోంది. నేను తప్పుపోతే అందిస్తుంది.

అనగనగా ఒక ఊళ్ళో, జ్వరమొస్తే తప్ప బ్రెడ్డు ముట్టని ఊళ్ళో, కేసరిరాజు అని ఒక రాజు. మరీ పెద్ద రాజేం కాదు, సింహాసనం మీద దిండు చిరిగితే రాణిగారే కుట్టుకునేంత రాజు. ఏంటి బుజ్జులూ? రాజుల కాలంలో బ్రెడ్డెక్కడిదా? ఆ ఊళ్ళో ఉండేదమ్మా. మస్తాను అని ఒకాయన బట్టీ పెట్టి కాల్చేవాడు. నువ్వు చూశావా, నేను చూశానా! ఊ కొట్టు.

ఆ ఊళ్ళో ఒళ్ళు బాగుంటే అన్నం, బాగాలేకపోతే బ్రెడ్డు. ఎవరైనా మంచమెక్కారని తెలిస్తే చాలు, చంకలో ఒక బ్రెడ్డు పెట్టుకుని పరామర్శకి బయల్దేరేవారు. ఊరికే ఆకలేసి ఎవడైనా ముక్క నోట్లో వేసుకున్నాడో, చుట్టుపక్కలవాళ్ళు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవారు.

రాజుగారికి ఒక తల్లి. రాజుకే జుట్టు నెరిసిపోయింది, ఆవిడకి నెరవడానికి జుట్టే మిగల్లేదు. అందరూ మామ్మగారనేవారు. రాజ్యమంతా రాజు మాట వినేది, రాజు మామ్మగారి మాట వినేవాడు. ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పరామర్శకొచ్చిన బ్రెడ్డు ఇంట్లో ఉన్నంతకాలం ఒంట్లో నలత ఉన్నట్టే. అది అయిపోయేదాకా మంచం దిగడానికి లేదు. పోనీ పారేద్దామా అంటే, తినేది పారేస్తే కళ్ళు పోతాయి.

ఒకరోజు పెరట్లో ఎండుమిరపకాయలు దంచుతుంటే రాజుగారు అటుగా వెళ్ళి హాచ్ మని తుమ్మాడు. అంతే! "పడుకోరా" అంది మామ్మగారు.

"కారం ఘాటే అమ్మా."

"నోర్మూసుకుని పడుకో. మీ నాన్న కూడా ఇలాగే అనేవాడు."

రాజుగారు పడుకున్నాడు. ఊళ్ళో వాళ్ళకి తెలిసింది. ఇంటికో బ్రెడ్డు వచ్చింది. ఆయన పాలల్లో ముంచి తిన్నాడు, చారులో ముంచి తిన్నాడు, ఏడుస్తూ ఉత్తదీ తిన్నాడు. తినేకొద్దీ వస్తూనే ఉంది. రాజుగారింకా లేవలేదట, పాపం, గట్టి జబ్బే కాబోలని వచ్చినవాళ్ళే మళ్ళీ వచ్చారు. తుమ్ముకి మంచం, మంచానికి పరామర్శ, పరామర్శకి బ్రెడ్డు, బ్రెడ్డుకి మళ్ళీ మంచం! ఎక్కడ తెగుతుంది? మంచం కింద బ్రెడ్డు, బీరువాలో బ్రెడ్డు, కిరీటం పెట్టుకునే పెట్టెలో బ్రెడ్డు. మస్తాను మాత్రం రాజుగారు చల్లగా ఉండాలని పొద్దునా సాయంత్రం దణ్ణం పెట్టుకునేవాడు.

ఆ రాజుకి ఒక కోడలు, అలివేణి. సముద్రం ఒడ్డున రేవు ఊరి పిల్ల. ఆమెకో పాపాయి, కూర్చోబెడితే దబ్బున పక్కకి ఒరిగిపోయే వయసు. ఆ వారంలోనే అన్నప్రాశన. ఆ వంశంలో మొదటి ముద్ద తాతే పెట్టాలి. ఆ ముహూర్తం దాటితే మూఢం వచ్చేస్తుంది, ఇక చాలాకాలం మంచిరోజు లేదు. రాజుగారికి ఆ ముద్ద మీదే ప్రాణం. వెండి గిన్నె తలగడ కింద దాచుకుని, ఎవరూ లేనప్పుడు తీసి పంచె చెంగుతో తుడుచుకునేవాడు. అది కోడలు చూసింది. పాపం, ఎంత ముద్దో! ఊ కొడుతున్నారా? హరిణి ఏది? ఆ, ఉంది.

అప్పుడు అలివేణి జున్నుపాలు తెప్పించి... ఆగండాగండి. గేదె ఈనిందా? ఈనలేదు కదూ! చూశారా, అందుకే ముందే చెప్పాను. నవ్వొద్దన్నానా?

రాణిగారికి ఒక తమ్ముడున్నాడు, బుచ్చన్న. తెలివి అందరికీ పంచుతుంటే ఆ పూట నిద్రపోయినవాడు. "బావా, నేనున్నాగా!" అని బ్రెడ్డంతా మూట కట్టి అటకెక్కించాడు. ఆ అటక మీద ఎప్పటినుంచో ఒక దయ్యం కాపరముంది. అది ఒక ముక్క కొరికి చూసి, మూట మొత్తం దబదబా కిందికి విసిరేసి, నాకేమైనా జ్వరమా అని అరిచిందట. ఆ ఊళ్ళో చచ్చినవాళ్ళు కూడా నలత లేకుండా బ్రెడ్డు ముట్టరమ్మా!

బుచ్చన్న ఊరుకున్నాడా? మూట తీసుకెళ్ళి పెరట్లో గేదె ముందు పడేశాడు. ఆ గేదె పేరు నల్లపూస, నిండు చూడిది. అది పాపం పరామర్శా ఏమీ ఎరగదు కదా, నాలుగు ముక్కలు నమిలి, మూలిగి, అటు తిరిగి పడుకుంది. "బాబోయ్, గేదెకి జబ్బు చేసింది!" అని బుచ్చన్న వీధిలోకి పరిగెత్తాడు. ఊరు ఊరంతా కదిలింది. ఏం పట్టుకొచ్చారు చెప్పండి? ఆ! గేదె కోసం కూడా బ్రెడ్డే!

"మీ బుర్రలు మండ, దానికి జబ్బేమిటయ్యా! అది ఈనుతోంది, తప్పుకోండి" అని కసిరింది అలివేణి. అనడమేమిటి, దూడ బయటికి జారడమేమిటి. నల్లటి దూడ, నుదుట తెల్లమచ్చ. హమ్మయ్య, గేదె ఈనింది. ఇప్పుడు జున్ను వండుకోవచ్చు.

మామ్మగారికి జున్నంటే పిచ్చి. పాలు చూడగానే లొట్టలేసింది. ఇక అప్పుడు అలివేణికి తట్టింది. వాళ్ళ రేవు ఊళ్ళో వాళ్ళమ్మమ్మ మిగిలిన బ్రెడ్డుతో పుడ్డింగని ఒకటి చేసేది. అందులో గట్టిపడటానికి కోడిగుడ్డు పోసేది. మామ్మగారు గుడ్డు ముట్టరు. కానీ జున్నుపాలు వాటంతట అవే గట్టిపడతాయి కదా, ఇంక గుడ్డెందుకు?

చూడండి ఎలా చేసిందో. గేదె ముట్టని మూటలోదీ, ఊరు కొత్తగా తెచ్చిందీ, ఇంట్లో మిగిలిందీ, బ్రెడ్డంతా చేత్తో తుంచింది, అంచులతో సహా. ఎండిపోయింది చూశారూ, అదే మంచిదట, తాజా దానికంటే పాలు బాగా పీలుస్తుంది. జున్నుపాలలో మామూలు పాలు కలిపి, బెల్లం కరిగించి వడగట్టి, యాలకులు, కాస్త మిరియప్పొడి వేసి, అందులో ముక్కలు నానబెట్టింది. వెడల్పాటి గిన్నె అడుగున పంచదార ఎర్రగా కరగబెట్టి, పైన ఇదంతా పోసి, మూతపెట్టి, నీళ్ళు మరిగే గుండిగలో కూర్చోబెట్టింది. పుల్ల గుచ్చి చూసింది. అంటుకుంది, ఇంకాసేపు. మళ్ళీ గుచ్చింది. అంటలేదు! పళ్ళెంలో బోర్లిస్తే తేనెరంగు నెత్తిన పెట్టుకుని తళతళా ఊగుతూ నిలబడిందట. వాసనకి అటక మీద దయ్యం కాళ్ళు కిందికి వేలాడేసింది. దాని కాళ్ళు వెనక్కి తిరిగుంటాయిగా, దానికి దిగడం కుదర్లేదు.

గేదె ఈనితే ఇరుగుపొరుగుకి జున్ను పంచాలి కదా. ఇంటింటికీ బాదమాకులో ముక్క వెళ్ళింది. ఎవరింటి బ్రెడ్డు వాళ్ళింటికి తియ్యగా తిరిగెళ్ళింది. వాళ్ళకా సంగతి తెలీదు, ఆకు నాకేశారు.

ముహూర్తం పొద్దు రానే వచ్చింది. మామ్మగారు కర్ర పట్టుకుని ఇల్లంతా వెతికింది. మంచం కింద లేదు, బీరువాలో లేదు, కిరీటం పెట్టెలో కిరీటం తప్ప ఏమీ లేదు.

"బ్రెడ్డేదే? పారేశారా? నిజం చెప్పు."

"మామ్మగారూ, ముందు జున్ను రుచి చూడండి" అంది అలివేణి.

ఆవిడ ఒక ముక్క తింది. ఇంకోటి పెట్టమంది. మూడోది చేతిలోకి తీసుకుని, "ఏమిటే ఈ మెత్తదనం, పళ్ళు లేనిదాన్నని నాకోసం ఏం కలిపావే తల్లీ?" అంది.

"బ్రెడ్డండీ."

మామ్మగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. అలివేణి ఎంతో వినయంగా పక్క దులిపి, మంచం వెయ్యనా మామ్మగారూ అని అడిగింది. "బ్రెడ్డు తిన్నారుగా, నలతే కదండీ. ఊరంతా తిన్నారు లెండి, వాళ్ళూ పడుకోవాలి. పరామర్శకి మాత్రం ఎవరూ మిగల్లేదు."

మామ్మగారు మంచం కేసి చూసింది. జున్ను కేసి చూసింది. మళ్ళీ మంచం కేసి చూసింది. చేతిలో ముక్క గుటుక్కున మింగి, మూతి తుడుచుకుని, లోపలికి కేకేసింది. "ఒరేయ్ కేసరీ! దున్నపోతులా ఇంకా పడుకున్నావేంట్రా? మనవరాలికి ముద్ద పెట్టవూ?"

రాజుగారు వెండి గిన్నెతో ఒక్క దూకు దూకాడు. పట్టేసిన మోకాళ్ళతో కుంటుకుంటూ వచ్చి పీటల మీద కూర్చున్నాడు. పాయసం వేలితో తీసి పాపాయి నోటి దాకా తెచ్చాడు. సరిగ్గా అప్పుడే ముక్కులో ఒక గిలి! ఊరంతా ఊపిరి బిగబట్టింది. వాకిట్లో మస్తాను సంచిలో చెయ్యి పెట్టాడు. రాజుగారు ముక్కు ఎగరేశాడు, మూతి సున్నా చుట్టాడు, ముద్ద పాపాయి నోట్లో పెట్టాడు, పెట్టి, పక్కకి తిరిగి... హాచ్!

అందరూ మామ్మగారి వంకే చూస్తున్నారు.

"చిరంజీవ" అంది మామ్మగారు. "ఏం చూస్తారు? తుమ్మితే చిరంజీవ అనాలి. అలివేణీ, ఆ పళ్ళెం ఇలా తే."

పాపాయి కిలకిలా నవ్వింది. ఆనాటి నుంచి ఆ ఊళ్ళో మనిషి తుమ్మితే చిరంజీవ, గేదె ఈనితే బ్రెడ్డు. మస్తాను బట్టీ ఆరలేదు, దూడల కోసం దణ్ణం పెట్టుకోవడం మొదలెట్టాడు. అందరూ హాయిగా ఉన్నారు, దయ్యం తప్ప. దానికో ముక్క అటక మీదికి విసిరారని కూడా అంటారు. అందుకని, పిల్లలూ, మిగిలిందాన్ని చూసి మూతి విరవకండి. ఎవరినైనా చూడ్డానికి వెళ్ళేటప్పుడు, ఆ మనిషి నిజంగా పడుకున్నాడా, పడుకోబెట్టారా అని ముందు కనుక్కోండి. మన వంటింట్లో హరిణి జ్వరం బ్రెడ్డు అంచులున్నాయి. రేపు చూద్దాం వాటి సంగతి.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి. కళ్ళు ముయ్యండి.

భ్రమరా, మెలకువగానే ఉన్నావా? అమ్మ చెప్పినప్పుడు కోడలి పేరు అలివేణే కదూ? రాజు కేసరిరాజేనా, లేక బుచ్చన్నకీ ఆయనకీ పేర్లు మార్చేశానా? రేపు పొద్దున నిదానంగా గుర్తు చేసుకుని చెప్పవే, తప్పయితే పిల్లలకి మళ్ళీ సరిగ్గా చెప్పుకుంటాను. గేదె పేరు మాత్రం అడగనులే. నల్లపూసే.