ఎలుకలు లేని ధాన్యాగారం

కరువొచ్చి అది మూడో ఏడు. రాజుగారి ధాన్యాగారం నిండుగా ఉందని మంత్రి వీరభూపతి ఏటా సభలో చదివేవాడు. ముద్ర వేసిన తలుపును మాత్రం ఎవరికీ తెరిచేవాడు కాదు.

ఒకరోజు అక్కడ ఎలుకలు పట్టే పెంచలమ్మ ఖాళీ బోనుతో సభకొచ్చింది. "ఆ గోడల పక్కన నిలబడాలంటే భయమేస్తోంది దొరా. తలుపు తెరవక్కర్లేదు, ఒక్కసారి చెవి పెట్టి వినండి."

రాజు వెళ్లి విన్నాడు. లోపల చిన్న అలికిడైనా లేదు.

"విన్నారా ప్రభూ! నా పాలనలో ఎలుకలు కూడా దొంగతనం మానేశాయి," అన్నాడు మంత్రి.

"ఎలుకలకు మీ లెక్కలు చదవడం రాదయ్యా. అవి గింజ ఉన్నచోటే ఉంటాయి," అంది పెంచలమ్మ.

రాజు ముద్ర పగలగొట్టించాడు. తలుపు కిర్రుమన్న చప్పుడు అవతలి గోడదాకా వెళ్లి, అలాగే తిరిగొచ్చింది.