పొయ్యి దగ్గర మాట

సువార్తమ్మగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. పొన్నూరు దాటాక కాలువకట్ట మీదున్న పేటలో, చర్చి వెనక గదిలో ఉంటూ, ఎన్నో ఏళ్లుగా ఆడవాళ్లకు బైబిలు నేర్పుతున్న మనిషి. ఎవరేం అడిగినా, "ముందు నీకు తెలిసిందేమిటో పొయ్యి దగ్గర మాటల్లో చెప్పు" అనేవారు. పొయ్యి దగ్గర మాటలంటే, చారెడు ఉప్పు కోసం వచ్చిన పక్కింటామెతో మాట్లాడుకునే మాటలు. ప్రార్థనకు నిలబడితే గడగడా సాగిపోయే నోళ్లు కూడా ఈ ఒక్క షరతు దగ్గర తడబడేవి. అందుకని కొందరు ఆవిణ్ణి ప్రశ్నలు అడగడమే మానుకున్నారు.

నాగరత్నం మానుకోలేదు. ఒక బుధవారం ఆవిడ గదిలో స్త్రీల కూటం ముగిసి అందరూ లేచి వెళ్లాక, ఆమె చాప మీదే కూర్చుండిపోయి అడిగింది. "అమ్మగారూ, నా అంతట నేను చదువుకోవడానికి ఏ బైబిలు మంచిది? మా మామగారి నాటి పాతదా, ఇప్పుడు తేలిక తెలుగులో వచ్చినదా?"

అలా అడగడానికి ఆమెకు గుండె దిటవే కావలసివచ్చింది. తలుపు దగ్గర చర్చి తాళంచెవి పట్టుకుని నిలబడ్డ జకరయ్య ఆమె భర్తకు అన్నగారు, పైగా సంఘ పెద్ద. తేలిక తెలుగు బైబిలు పేరెత్తితే ఆయనకు ఒళ్లు మండిపోయేది. నీళ్లు కలిపిన పాలు అనేవాడు. నాగరత్నం పెళ్లయ్యాకే చర్చి గడప తొక్కింది. భర్త ఉన్నన్నాళ్లూ ఆయన చదివి చెప్పేవాడు, ఈమె వినేది. ఆయన పోయాక పుస్తకం ఆమె ఒళ్లోకి వచ్చింది గానీ, ఆ పాత తెలుగు ఆమెకు కొరుకుడు పడలేదు.

"ఇందులో అడగడానికేముంది రత్నం? మా నాయన చేతిలో నలిగిన బైబిలు ఇంట్లోనే ఉంది. అర్థం కాని మాటుంటే నన్నడుగు, చెప్తాను" అన్నాడు జకరయ్య.

"అడిగాను బావగారూ. సమాధానం అంటే ఏందని అడిగాను. సమాధానమంటే సమాధానమే అన్నారు."

ఇంకెవరైనా అయితే నవ్వేవారే. సువార్తమ్మగారు నవ్వలేదు. "ఆ మాట ఉన్న చోటు తీయమ్మా" అన్నారు.

నాగరత్నం సంచిలోంచి పాత బైబిలు తీసింది. వెతకాల్సిన పని లేకుండా ఆ పేజీ దానంతటదే తెరుచుకుంది. ప్రభువు తనవాళ్లను విడిచివెళ్లే ముందు, తన సమాధానం వాళ్లకు ఇచ్చి వెళ్తున్నానని చెప్పిన చోటు అది. నాగరత్నం చూడకుండానే చదివేసింది.

"ఇప్పుడు పొయ్యి దగ్గర మాటల్లో చెప్పు."

"నేనడిగినదానికి జవాబు చెప్తానంటన్నాడమ్మా ప్రభువు."

"నువ్వేం అడిగావు?"

నాగరత్నం ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించింది. అన్నం ఉడికిందని చెప్పినంత మామూలుగా చెప్పుకొచ్చింది. "ఆ రోజు పులుసు పొయ్యి మీదుంది. కరివేపాకు లేదు. మా ఆయన అప్పుడే పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటన్నాడు. ఎల్లి రెండు రెబ్బలు పట్రమ్మని నేనే పంపాను. కట్ట మీద బస్సు కొట్టింది. నేను పంపబట్టే పోయాడా, పంపకపోయినా పోయేవాడా? అదేనమ్మా నేను అడుగుతుంది. సమాధానం ఇస్తానన్నాడు గదా అని రోజూ పొద్దున్నే ఈ పేజీ తీసుకుని కూచుంటన్నాను. ఆదివారం దీవెనలో ఆ మాట వచ్చినప్పుడల్లా, ఎప్పుడు ప్రభువా అనుకుంటాను."

జకరయ్య చెప్పులు విడిచి గదిలోకి వచ్చాడు. "జవాబు కాదమ్మా" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "అక్కడ సమాధానమంటే శాంతి. మనసుకు నెమ్మది. అది అందరికీ తెలిసిందేగా."

"నాకెవరూ చెప్పలేదు బావగారూ."

సువార్తమ్మగారు లేచి, గూట్లో ఉన్న తేలిక తెలుగు బైబిలు తీసి, అదే చోటు తెరిచి ఆమె ఒళ్లో పెట్టారు. అక్కడ శాంతి అనే ఉంది. నాగరత్నం వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదువుకుంది. నిజం చెప్పాలంటే అప్పుడు ఆమెకు వచ్చింది శాంతి కాదు, మండిపోయేంత కోపం. ఎవరూ వడ్డిస్తానని చెప్పని ఇంట్లో విస్తరి వేసుకుని కూర్చున్నట్టయింది ఆమె బతుకు.

"అయితే చెప్తానని ప్రభువు అననే లేదా?"

"ఇక్కడ అనలేదు."

నాగరత్నం పైటతో మొహం తుడుచుకుని, ఆ పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది. "అయితే నాకు ఇదే కావాలి. మొదటి పేజీ నుంచి చదువుతాను. ఏమేం అన్నాడో, ఏమేం అనలేదో నా కళ్లతో నేను చూసుకుంటాను. మీరు వద్దన్నా చదువుతాను బావగారూ."

ఆయన వద్దనలేదు. పాల మాట, నీళ్ల మాట ఆ పూట ఆయన నోట రాలేదు. తాళంచెవి వేళ్ల మధ్య తిప్పుకుంటూ, "వాడు కరివేపాకుకి వెళ్లాడని నాకు తెలియదు" అన్నాడు.

నాగరత్నం అన్నంత పనీ చేసింది. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు కొంత, అన్నం వార్చాక కొంత. తేలిక తెలుగులోనూ మింగుడుపడని చోట్లు ఎదురైతే అక్కడ పూచికపుల్ల పెట్టి, బుధవారం సువార్తమ్మగారి ముందు తెరిచేది. పాతదాన్ని అటక ఎక్కించలేదు. కొత్తదాంట్లో సంగతి తెలిశాక, ఇదే మాట మా మామగారు ఎలా చదివేవాడో అని అందులో చూసుకునేది. కరివేపాకు ప్రశ్న మాత్రం వెంటనే పోలేదు. కొన్ని రోజులు పుస్తకం తెరవకముందే వచ్చి కూర్చునేది. ఆమె దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే చదివేది.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం జకరయ్య ఆరాధన చివర పాత బైబిలు మాటలతోనే దీవెన చెప్పాడు. సమాధానము అన్న మాట వచ్చింది, దాటిపోయింది. ఆమెన్ అనేశాక గానీ, తాను ఈసారి ఎప్పుడు ప్రభువా అనుకోలేదని నాగరత్నం గమనించలేదు. ఆమెకు ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది. అది దుఃఖం కాదని ఆమెకు తెలుసు.

బయట గుమ్మం దగ్గర సువార్తమ్మగారు చెప్పుల గుంపులో తన రెండో చెప్పు కోసం కాలితో వెతుక్కుంటున్నారు. నాగరత్నం వంగి దాన్ని తీసి ఆవిడ ముందు పెట్టింది.

"అమ్మగారూ, ఆ పాత మాట కూడా ఇయ్యాల నాకు పొయ్యి దగ్గర మాటలాగే వినపడింది. అవునుగానీ, ఏ బైబిలు మంచిదని ఆ రోజు నేనడిగితే, మీరు ఇప్పటిదాకా సమాధానం చెప్పనే లేదు."

సువార్తమ్మగారు ఆమె తడికళ్లలోకి చూసి చెప్పు తొడుక్కున్నారు.

"నేను చెప్పకపోతే పోయిందిగానీ, నీకు సమాధానం వచ్చిందా?" అన్నారు.