అరువు తెచ్చుకున్న అమ్మ

జీడిపప్పు బట్టీల ఊరైన గంగన్నపేటలో జోగారావు అనే హెడ్మాస్టరు ఉండేవాడు. బడిపిల్లల్ని సొంత బిడ్డల్లా చూసుకునేవాడు గానీ, వాళ్ళ తల్లిదండ్రుల్ని మాత్రం చీవాట్లు పెట్టడానికే తప్ప ఇంకెందుకూ బడికి పిలిచేవాడు కాదు.

అతను చెడ్డవాడేం కాదు. బడి ఊడ్చే మనిషి రాకపోతే చీపురు తానే పట్టుకునేవాడు. లెక్కలు రాని పిల్లల్ని సాయంత్రం కూర్చోబెట్టుకుని, వచ్చేదాకా చెప్పి పంపేవాడు. కానీ పిల్లలు బాగా చదివితే అది బడి గొప్పతనమనీ, చదవకపోతే అది ఇంటి తప్పనీ అతని మనసులో గట్టిగా నాటుకుపోయింది.

ప్రతి నెలా చివరి శనివారం అతని బడిలో తల్లిదండ్రుల రోజు జరిగేది. వేపచెట్టు కింద ఒక బల్ల, దాని వెనక ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీ జోగారావుది. వచ్చినవాళ్ళు ఎండలో వరసగా నిలబడాలి. అతను తల ఎత్తకుండా మార్కులు అందరికీ వినపడేలా చదివేవాడు.

"ఏమయ్యా, కన్నావు సరే. ఇంటి దగ్గర పుస్తకం తీస్తున్నాడో లేదో చూడక్కర్లేదా? మేకని కట్టేసుకున్నా సాయంత్రం ఓసారి చూసుకుంటాం కదా!" అనేవాడు. వరసలో వెనక ఉన్నవాళ్ళు నవ్వేవారు. ముందున్నవాడు తల దించుకునేవాడు. తమ వంతు వచ్చేసరికి నవ్వినవాళ్ళూ తల దించుకునేవారు.

అమ్మో నాన్నో రాని పిల్ల ఆ రోజంతా గేటు బయట నిలబడాలి. అది అతను పెట్టిన కట్టుబాటు.

ఆ బడిలో మీనాక్షి అనే టీచరు ఉండేది. ఒకసారి ఆవిడ ధైర్యం చేసి, "మేస్టారూ, శనివారం పొద్దున్న బట్టీలో పని మానుకుని రావడం వీళ్ళకి కష్టం. సాయంత్రం బట్టీ వదిలాక పిలుద్దాం. నాలుగు బెంచీలు వేసి కూర్చోబెడదాం. ముందు పిల్ల గురించి ఒక మంచి మాట చెప్పి, తర్వాత ఏదైనా చెబుదాం," అంది.

"ఇదేమన్నా పేరంటమా అమ్మా, పసుపు రాసి కూర్చోబెట్టడానికి? మెత్తగా చెబితే వీళ్ళకి ఎక్కదు," అన్నాడు జోగారావు.

ఆ ఊళ్ళో దాలమ్మ అనే ఆమె బట్టీలో జీడిగింజలు పగలగొట్టేది. గింజ పగిలినప్పుడు కారే నూనె వేళ్ళని కాల్చి నల్లగా చేస్తుంది. బూడిద పెట్టి తోమినా, చింతపండు పెట్టి తోమినా ఆ నలుపు పోదు. ఆమెకి కాంచన అని ఒక్కతే కూతురు. పిల్లని బడిలో చేర్పించిన కొత్తలో దాలమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని తల్లిదండ్రుల రోజుకి వచ్చింది. తన వంతు వచ్చినప్పుడు, మేస్టారు చెప్పేది శ్రద్ధగా విందామని రెండు చేతులూ బల్ల మీద ఆనించి ముందుకు వంగింది.

"చేతులు తియ్యమ్మా, బల్ల పాడవుతుంది. బడికొచ్చేటప్పుడైనా చేతులు కడుక్కోరా?" అన్నాడు జోగారావు.

దాలమ్మ చేతులు కొంగులో దాచుకుని ఇంటికి వచ్చేసింది. "నానింక ఆ మేస్టారి కాడికి రానే అమ్మా. నన్ను పిలవకు," అని కూతురితో చెప్పింది. మళ్ళీ వెళ్ళలేదు.

మరుసటి నెల కాంచన గేటు బయట ఎండలో నిలబడింది. బడి ఎదురుగా గాజుల కొట్టు పెట్టుకున్న సూరీడమ్మ అది చూసింది. మధ్యాహ్నమయ్యేసరికి పిల్ల మొహం వాడిపోయింది. సూరీడమ్మకి పిల్లల్లేరు. ఆమె మనసు ఆగలేదు.

"పదవే, ఇయాల నేనే మీ అమ్మని," అని కాంచన చెయ్యి పట్టుకుని వరసలో నిలబడింది. జోగారావు తల ఎత్తలేదు. చీవాట్లు పెట్టాడు, పంపేశాడు. కాంచన లోపల కూర్చుంది.

సంగతి మిగతా పిల్లలకి తెలిసింది. ఇంకేముంది, ఒకరు టీ కొట్టు ఆవిణ్ణి, ఒకరు ఆటో నడిపే ఆయన్ని బతిమాలుకున్నారు. బడి గోడ పక్కన ఇస్త్రీ చేసే పోలయ్యకి పెళ్ళే కాలేదు గానీ, ఒక్క శనివారం నాడే ఎంతో మంది పిల్లలకి తండ్రి అయిపోయేవాడు. తల ఎత్తని మేస్టారికి ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ వస్తున్నాడని తెలిసేది కాదు. "మీ ఇంట్లో తిట్లు నేను తింటున్నాను, ఇంక పెళ్ళెందుకురా నాకు?" అని పిల్లల్ని నవ్వించేవాడు. పెద్దలకి చిక్కు తప్పింది, పిల్లలకి ఎండ తప్పింది. జోగారావుకి మాత్రం గర్వం పెరిగింది. తల్లిదండ్రులందరూ తప్పకుండా వచ్చే బడి చుట్టుపక్కల ఇంకొకటి లేదని పెద్ద అధికారి సభలో శాలువా కప్పాడు. ఆ శాలువాని జోగారావు ఇంట్లో మేకుకి తగిలించుకుని రోజూ చూసుకునేవాడు.

కాంచన నాలుగో తరగతిలోకి వచ్చిన ఏడు, వానలు మొదలైన రోజుల్లో, పట్నం నుంచి కంటి డాక్టర్లు బడికి వచ్చారు. అందులో ఒక అమ్మాయి డాక్టరు కాంచనని పదే పదే చూసింది. తర్వాత జోగారావుని పక్కకి పిలిచింది.

"ఈ పాప కళ్ళలో ఒత్తిడి ఎక్కువగా ఉందండీ. దీనికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచుల నుంచి కొద్దికొద్దిగా ఆరిపోతూ వస్తుంది. పోయినది మళ్ళీ రాదు. ఇప్పుడే పెద్ద కంటాసుపత్రికి తీసుకొస్తే ఉన్నది నిలబెట్టవచ్చు. వాళ్ళ అమ్మకి వివరంగా చెప్పండి," అంది.

"నాకొదిలెయ్యండి. మా బడిలో తల్లిదండ్రులు రాకపోవడమనేది లేదు," అన్నాడు జోగారావు.

దాలమ్మ పనిచేసే బట్టీ బడి ఉన్న వీధి చివరే. అయినా అతను శనివారం దాకా ఆగాడు. ఆ రోజు వరస పొడుగ్గా ఉంది. సూరీడమ్మ వంతు వచ్చింది.

"లెక్కల్లో ఈ మార్కులేమిటమ్మా? పిల్ల దిక్కులు చూస్తోంది. కాస్త భయం పెట్టు. అన్నట్టు, దీని కళ్ళు బాగాలేవట. పట్నం కంటాసుపత్రికి తీసుకెళ్ళు. ఊఁ, తర్వాత!" అన్నాడు.

డాక్టరు అంతసేపు చెప్పిన మాట అతని నోట్లో 'అన్నట్టు' అయిపోయింది.

సూరీడమ్మ బయటికి వచ్చి, "ఒలే, నీ కళ్ళు బాగోలేవట. అద్దాలు పెట్టించాలి కామోసు. మీ అమ్మకి సెప్పు," అంది.

"అలాగే పిన్నీ," అంది కాంచన.

ఆ సాయంత్రం దాలమ్మ గుమ్మంలో కూర్చుని మండే వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది. కాంచన వచ్చి పక్కన కూర్చుంది. చెబుదామని నోరు తెరిచింది. 'ఎవరు సెప్పారు? ఎవరికి సెప్పారు?' అని అమ్మ అడుగుతుంది. అరువు అమ్మ సంగతి బయటపడుతుంది. మేస్టారికి తెలిస్తే గేటు బయటే నిలబెడతారు, ఇంక ఎప్పటికీ లోపలికి రానివ్వరు. పిల్లకి బడంటే ప్రాణం. అయినా కళ్ళు నొప్పి లేవు కదా! కొంచెం తల తిప్పి చూస్తే బోర్డు కనపడుతూనే ఉంది. కాంచన నోరు మూసుకుంది.

"సెప్పావా?" అని సూరీడమ్మ అడిగితే, "చెప్పాను పిన్నీ," అంది. తరువాతి నెల జోగారావు, "చూపించావా?" అని అడిగితే, తల్లి చూపించే ఉంటుందిలే అనుకుని సూరీడమ్మ తలూపింది. జోగారావు తన పని అయిపోయిందనుకున్నాడు. సూరీడమ్మ తన పని అయిపోయిందనుకుంది. అందరూ నిశ్చింతగా ఉన్నారు. పిల్ల చూపు మాత్రం అంచుల నుంచి ఆరిపోతూనే ఉంది.

కార్తీకమాసంలో ఒకనాడు జోగారావు నాలుగో తరగతికి లెక్కలు చెబుతున్నాడు. కాంచనని లేపి, "రా, ఈ లెక్క చెయ్యి," అని సుద్దముక్క చాపాడు. కాంచన చెయ్యి గాలిలో వెతికింది. పైకి వెతికింది, పక్కకి వెతికింది. సుద్దముక్క అక్కడే ఉంది. పిల్లలు ఘొల్లుమన్నారు.

జోగారావు కసరబోయి ఆగిపోయాడు. తన చెయ్యి మెల్లగా పిల్ల మొహం పక్కకి తెచ్చి ఆడించాడు. పిల్ల రెప్ప కదలలేదు. డాక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది.

"తల్లేనా అది! చెప్పాను కదా తీసుకెళ్ళమని! మీనాక్షీ, బట్టీకి వెళ్ళి ఆవిణ్ణి ఉన్నపళాన లాక్కురామ్మా!" అని అరిచాడు.

దాలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. బట్టీ పొగ వాసన, చెదిరిన జుట్టు. గుమ్మం దగ్గరికి రాగానే చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు జోగారావు.

"కాంచన అమ్మని బాబూ."

"వేళాకోళమా? కాంచన అమ్మని నేనెరగనా? నెలనెలా వస్తుంది. చేతినిండా గాజులుంటాయి. ఏం చెప్పినా తలూపుతుంది. నువ్వు దాని అమ్మవి కాదు!"

దాలమ్మ తెల్లబోయి కూతురి వంక చూసింది. "ఏటే గుంటా, ఈ బాబు ఏటంటున్నారు?"

అమ్మ గొంతు వినపడిన వైపు కాంచన తల పక్కకి తిప్పి, పిట్టలా వెతుక్కుంటూ చూసింది. "అమ్మా," అని ఏడ్చింది. అమ్మ ఎవరో జోగారావుకి అప్పుడు తెలిసింది.

గొడవ విని సూరీడమ్మ కొట్టు వదిలి వచ్చింది. "గేటు బయట ఎండలో నిలబడితే సూడలేకపోయాను మేస్టారూ. కళ్ళ సంగతి పిల్లకి సెప్పాను, సెప్పానందండి," అంటూ గుమ్మంలోనే కూలబడింది.

దాలమ్మ ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే జోగారావుకి కొంచెం తేలికగా ఉండేది. "నాకు ఒక్క ముక్క తెలిసుంటే ఆ పూటే ఎత్తుకెళ్ళిపోదును బాబూ. బట్టీ ఈ వీధి సివరే కదా. మీరొక్క కేకేస్తే ఇనపడును," అంది.

"మరి నువ్వొక్కసారైనా ఎందుకు రాలేదమ్మా?" అన్నాడు.

"ఒచ్చినాను బాబూ. ఒకపాలి ఒచ్చినాను. నా సేతులు సూసి బల్ల పాడయిపోద్దన్నారు."

జోగారావు గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఆమె మొహం గుర్తు రాలేదు. ఆ రోజు గుర్తు రాలేదు. తన మాట అసలే గుర్తు రాలేదు. అతను వరసలో నిలబెట్టి అన్న మాటలు ఎన్నో. అందులో ఇది ఎక్కడ పడిపోయిందో. ఆమె మాత్రం దాన్ని ఇన్నేళ్ళూ చేతుల మీద మోస్తూనే ఉంది.

అతనే వాళ్ళని పట్నం కంటాసుపత్రికి తీసుకెళ్ళాడు. బడికి వచ్చిన ఆ డాక్టరే చూసింది. "వానాకాలంలోనే చెప్పాను కదండీ," అంది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంట్లో గొట్టంలోంచి చూసినంత చూపే మిగిలింది. మందులు వేసి అదైనా నిలబెట్టడానికి చూస్తామంది, నిలబడుతుందని మాట ఇవ్వలేనంది.

"నా కన్ను తీసి ఎట్టలేరా అమ్మా?" అని దాలమ్మ అడిగింది. డాక్టరు తల అడ్డంగా ఊపింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కాంచన తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. జోగారావు ముందు సీట్లో కూర్చున్నాడు. ఊరు దగ్గర పడుతుండగా పిల్ల లేచి మెల్లగా అడిగింది.

"మేస్టారూ, ఈ శనివారం అమ్మ రాకపోతే, నేను గేటు లోపల నిలబడొచ్చా?"

జోగారావు కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. ఊరొచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఇంటికి వెళ్ళి శాలువా మేకు మీంచి తీసేశాడు. గేటు బయట నిలబెట్టే కట్టుబాటు తీసేశాడు. మీనాక్షి ఎప్పుడో చెప్పినట్టే, సాయంత్రం బట్టీ వదిలే వేళకి బడి ముందు బెంచీలు తానే మోసుకొచ్చి వేశాడు. గేటు దగ్గర నిలబడి, "రండమ్మా, రండయ్యా, కూర్చోండి. తిట్టడానికి కాదు," అని పిలిచాడు. బట్టీ ఆడవాళ్ళు చేతులు కొంగుల్లో దాచుకుని, తలలు వంచుకుని, అడుగు వేగం పెంచి వెళ్ళిపోయారు. మగవాళ్ళు వీధికి ఆ పక్క నుంచి నడిచారు. తిట్టడానికి ఇది కొత్త పద్ధతి కాబోలు అనుకున్నారు.

దాలమ్మ ఒక్కతే వచ్చింది. కాంచన చెయ్యి పట్టుకుని వచ్చింది.

"కూర్చో తల్లీ," అన్నాడు జోగారావు.

"పరవాలేదు బాబూ. నిలబడతాను. అలవాటే."

అతను బల్ల ఆమె ముందుకి జరిపాడు. "చేతులు బల్ల మీద పెట్టమ్మా. నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి పెట్టు," అన్నాడు.

దాలమ్మ బల్ల వంక చూసింది. కొంగు ఇంకొంచెం గట్టిగా చుట్టుకుంది. చీకటి పడేదాకా ఆమె అలాగే నిలబడింది. బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

పిల్లలూ, పెద్దలూ, ఇది మాత్రం మరిచిపోకండి: తల్లిదండ్రుల్ని తల దించుకునేలా చేసే బడికి అసలు అమ్మానాన్నలు రారు, పిల్లకి ముప్పు ముంచుకొచ్చిన మాట వాళ్ళ దాకా చేరదు, పిల్లల మంచి కోరే బడి మొట్టమొదట వాళ్ళ అమ్మానాన్నలకి గౌరవంగా ఒక కుర్చీ వెయ్యాలి, అదీ సమయం మించిపోకముందే వెయ్యాలి.