మడుగులో విడిపోయిన జోడు

సీసపు అణుకేంద్రకాలు ఢీకొన్నప్పుడు పుట్టే మహా వేడిలో బరువైన క్వార్కులనే రేణువుల జంట ఎందుకు విడిపోతుందో, చల్లారాక చెరో తేలికపాటి క్వార్కుతో జతకట్టి మీసాన్లనే కొత్త జంటలుగా ఎందుకు బయటపడతాయో శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి చెబుతారు. లెక్కలు రానివాళ్ళకు ఈ అడవిదున్నల సంగతి చాలు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవంతటికీ ఒక్క మడుగే మిగిలింది. తడి కోసం నక్కా కుందేలూ కూడా పగ మరిచి అందులోనే దిగాయి. నడుమ దున్నపోతు బండడూ అతని జోడు నీలాలూ మెడ మీద మెడ వేసుకుని నిలబడ్డారు. ఎండాకాలం నీళ్ళలో అలా నిలబడడం వాళ్ళ దున్నల ఆనవాయితీ.

వాళ్ళ నీడ మీద నక్క కన్ను పడింది. "ఏం బావా, ఇంత ఉక్కలో ఆ అతుక్కోవడమేంటి? కాస్త జరిగితే ఇద్దరికీ గాలాడుతుంది కదా!"

"వద్దు మావా," అంది నీలాలు బండడితో. "ఆ ఏనుగుల జంట చూడు, తొండాలు మెలేసుకుని ఎలా ఉన్నారో."

"ఓసి పిచ్చిదానా! నా అంత బరువున్నోణ్ణి ఎవరు కదిలిస్తారే? పిలిస్తే పలుకుతాగా," అంటూ బండడు జరిగాడు.

సందు దొరగ్గానే నక్క దూరింది. దాని వెనక కుందేళ్ళు, వాటి వెనక జింకలు. ఒక్కో తోపూ బండడికి దోమ కుట్టినట్టే ఉంది. కానీ ఆ తోపులు ఆగితేగా! పొద్దువాలేసరికి మడుగు ఒక చివరికి వచ్చిపడ్డాడు. "నీలాలూ!" అని అరిచాడు. గుంపు గోలలో ఆ కేక నాలుగు బారలు కూడా పోలేదు.

అంతలో ఫెళఫెళమని ఉరుములు, కుండపోత వాన. చల్లబడగానే గుంపు చెల్లాచెదురైంది. బెదురుకు ఎవరికి ఎవరు దగ్గరుంటే వాళ్ళనే పట్టుకున్నారు. తల్లిలేని జింకపిల్లొకటి బండడి కాళ్ళకు చుట్టుకుంది. ఏనుగులు మాత్రం వచ్చినట్టే జంటగా వెళ్ళిపోయాయి.

అప్పటిదాకా ఎండి ఉన్న వాగు పొంగి నడుమ అడ్డొచ్చింది. చెదిరిన గుంపుతో పాటు అవతలి గట్టుకు చేరిపోయిన నీలాలు! ఆమె డొక్కకు ఆనుకుని ఒక కణుజుపిల్ల, జింకల్లో పెద్ద జాతిది.

"వచ్చేయవే!" అని కేకేశాడు.

"ఎలా రాను మావా? ఈ పసిది నన్ను వదలదు, ఈదలేదు. అంతసేపూ పిలిచాను, ఒక్కసారైనా పలికావా?"

"నేనూ పిలిచానే నీలాలూ..." అంటూ బండడు వాగులోకి అడుగేయబోతే, కాళ్ళకు చుట్టుకున్న జింకపిల్ల కదలనివ్వలేదు.

ఇప్పుడు ప్రతి మాటా వినపడుతోంది, ఏం లాభం? ఆ వాగు కార్తీకం దాకా దిగదు. అప్పటికి ఎవరి మంద ఎటు పోతుందో! నీలాలు వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ కణుజుపిల్లతో చెట్లలోకి వెళ్ళిపోయింది. బండడు ఆ చెట్లకేసే చూస్తూ వానలో నిలబడ్డాడు. జింకపిల్ల చలికి వణుకుతుంటే, ఇక తప్పక కదిలాడు.

నీతి: ఉక్కకు ఓర్చి అంటిపెట్టుకున్న జంటను గుంపు విడదీయలేదు, సందు ఇచ్చాక ఎంత బరువున్నా కాపాడదు.