వినకుండా కొట్టిన ఊ

ఈ మాట నేనింతవరకు పైకి అనలేదు. పోయిన శుక్రవారం అమ్మమ్మ ఫోన్ చేసి పావుగంట మాట్లాడింది. స్పీకర్లో పెట్టి, అదే ఫోన్లో సౌండ్ తీసేసి రీల్స్ చూస్తూ నేను ఊ కొట్టాను. చివర్లో గొంతు తగ్గించి ఏదో అడిగింది. దానికీ ఊ అన్నాను. "నువ్వూ సరేనన్నావు కదా, ఇక అలాగే చేస్తాలేవే," అని పెట్టేసింది.

దేనికి సరేనన్నానో నాకు తెలీదు. ఈ సోమవారం ఆవిడ గుండె ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరాలి. వద్దని ఇంటిల్లిపాదితో పోట్లాడుతోంది. నా మాటైతే వింటుందని ఒప్పించే పని నాకు వదిలేశారు. ఒప్పుకుందా అని అక్క అడిగితే, ఆఁ ఒప్పుకుంది అన్నాను. ఎనిమిది రోజులైంది.

ఇవాళ అన్నాలయ్యాక అక్క పిల్లలు మోక్ష, ధీరు కథ చెప్పమని పట్టుకున్నారు. అమ్మమ్మ కథ ఎత్తుకున్నట్టే ఎత్తుకున్నాను.

అనగనగా, రాజు మంచివాడే గానీ జనమంతా పరధ్యానంలో ఉండే ఒక ఊళ్ళో, నూకాలని ఒక కోడలుండేది. పంతొమ్మిదేళ్ళు. చాకులాంటి పిల్ల. బియ్యం చెరుగుతుంటే చప్పుడుని బట్టి రాయి ఎక్కడుందో చెప్పేసేది. అలాంటిదాని చేతికి ఒక దెయ్యం ఫోనిచ్చింది. రాజుల కాలంలో ఫోనేంటని నవ్వకండి, దెయ్యం దగ్గర అన్నీ ఉంటాయి. వేలితో తోస్తే ఒక పెళ్ళికూతురు, పెళ్ళికూతుర్ని తోస్తే ఒక వంట, వంటని తోస్తే ఒక తగాదా, తగాదాని తోస్తే ఇంకో పెళ్ళికూతురు.

ఆ దెయ్యానికి ఒక కట్టుబాటుంది. అడక్కుండా ఏదీ ముట్టుకోదు. అడుగుతుంది, ఊ అంటే పట్టుకుపోతుంది.

మర్నాడు గుమ్మంలో నిలబడి, గేదెని తోలుకుపోనా అని అడిగింది. నూకాలు తలెత్తకుండా ఊ అంది. గేదె పోయింది. ఆ మర్నాడు బావిలో నీళ్ళు తోడుకుపోనా అంది. ఊ అంది. నీళ్ళు పోయాయి. ఊ కొడుతున్నారా?

కొడుతున్నానన్నాడు ధీరు. మోక్ష కొట్టలేదు. దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది.

మూడోనాడు నూకాలు ఆడపడుచు బుల్లెమ్మ, ఏడేళ్ళది, దువ్వెన తెచ్చుకుని ఒళ్ళో కూర్చుంది. వదినా, జడ వెయ్యవా? ఊ. వదినా, గుమ్మంలో ఎవరో ఉన్నారు. ఊ. వదినా, నన్ను రమ్మంటున్నారు. ఊ. అప్పుడు దెయ్యం వంగి మెత్తగా అడిగింది. "ఈ పిల్లని పట్టుకుపోనా అమ్మా?"

"ఊ అనొద్దని చెప్పు పిన్నీ," అంది మోక్ష.

అనేసిందే. తలెత్తేసరికి ఒళ్ళో దువ్వెన ఉంది, పిల్ల లేదు. చింతతోపులోంచి, వదినా అని గొంతు మాత్రం వినిపిస్తోంది.

అత్త వచ్చి అడిగితే, కునుకు పట్టిందండీ అంది నూకాలు. ఆ అబద్ధానికి గొంతు ఏటి అవతలికి పోయింది. మొగుడడిగితే, చెప్పకుండా వెళ్ళిపోయిందంది. గొంతు కొండెక్కింది. ఇంకొక్క అబద్ధమాడితే ఇక వినపడదు.

రాజుగారు సభకి పిలిపించారు. దెయ్యమూ వచ్చింది, దర్జాగా. ఆవిడ ఇస్తేనే తీసుకున్నానంది. తెలిసే ఊ అన్నావా అని రాజుగారు అడిగారు. అవునంటే పిల్ల దెయ్యానిది. కాదంటే, ఊరంతా మెచ్చుకునే కోడలి పరువు పోతుంది. అత్త ఎదురుగా నిలబడి చూస్తోంది. నూకాలు తలెత్తింది.

"నేను వినలేదండీ," అంది. "పిల్ల నా ఒళ్ళో ఉండే పిలిచింది. నేను వినలేదు."

అంతే, దెయ్యం పట్టు జారింది. బుల్లెమ్మ జుట్టు విరబోసుకుని కొండ దిగి పరిగెత్తుకొచ్చింది. వెనకాలే గేదె వచ్చింది. బావి నిండింది. అత్త నాలుగు తిట్లు తిట్టి, ఇద్దరికీ ఒకే కంచంలో అన్నం కలిపి పెట్టింది. అందుకని నాన్నా, ఎవరైనా మాట్లాడుతుంటే వినాలి. వినకపోతే, వినలేదని చెప్పేయాలి. కథ కంచి బస్సెక్కేసింది, మీరిక కళ్ళు మూసుకోండి.

ధీరు అప్పటికే నిద్రపోయాడు. మోక్ష మాత్రం, ఆ నూకాలు ముందే చెప్పేయొచ్చుగా అంది. భయమేసుంటుందే అన్నాను.

"దెయ్యమంటేనా?"

"కాదు, వాళ్ళత్తంటే."

"అత్త తిట్టి అన్నం పెట్టిందిగా పిన్నీ," అని అటు తిరిగి పడుకుంది.

తలుపు దగ్గరికేసి వచ్చి ఇది రాస్తున్నాను. ఎనిమిదింపావు. ఈపాటికి అమ్మమ్మ మాత్రలు వేసుకుని మంచం మీద కూర్చుని ఉంటుంది. ఆపరేషన్ మానేస్తానందో, ఇంకేమందో. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చుంటే సోమవారం వచ్చేస్తుంది. అక్కకి తర్వాత చెప్పుకుంటాను. ముందు అమ్మమ్మకి ఫోన్ చేస్తాను, ఇప్పుడే.